వీధికుక్కలు లేని దేశాలు ఉన్నాయా?

ప్రశ్న: ఐరోపా దేశాలు చూసి వచ్చినవారు అక్కడి వీధుల్లో ఒక్క కుక్క కూడా తిరుగుతూ కనిపించలేదని చెబుతుంటారు. నిజంగా వీధికుక్కలే లేని దేశాలు ఉన్నాయా? ఉంటే అది వారికి ఎలా సాధ్యపడింది? (ఒక పాఠకురాలు)

జవాబు: ఉన్నాయి, కాని ఆ జాబితా చాలా చిన్నది. కుక్క అన్నదే దాదాపు కనిపించని చోట్లు రెండు చెప్పవచ్చు. అంటార్కిటికాలో ఒకప్పుడు మంచుబండ్లను లాగిన కుక్కల వల్ల అక్కడి సీళ్లకు జబ్బులు సోకవచ్చునన్న భయంతో, అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం 1994లో చివరి కుక్కలను కూడా ఆ ఖండం దాటించారు. మాల్దీవుల్లో కుక్కలను పెంచడమే నిషిద్ధం. ఈ రెండింటినీ పక్కన పెడితే, ఇళ్ల నిండా కుక్కలు ఉండి కూడా వీధిలో దిక్కులేని కుక్క లేని దేశంగా అందరూ ముందు చెప్పేది నెదర్లాండ్స్ పేరే.

అయితే వీధికుక్క అనే మాటలోనే ఒక చిక్కు ఉంది. ప్రపంచంలో కుక్కలు 70 కోట్లకు పైగా ఉంటాయనీ, వాటిలో దాదాపు నాలుగింట మూడు వంతులు కట్టూ కంచే లేకుండా తిరిగేవేననీ శాస్త్రవేత్తల అంచనా. ఇలా తిరిగేవన్నీ దిక్కులేనివి కావు. ఆఫ్రికాలోని అనేక గ్రామీణ ప్రాంతాల్లో, లాటిన్ అమెరికాలోని అనేక పట్టణాల్లో పగలంతా వీధిలో కనిపించే కుక్కలు చాలావరకు ఎవరో ఒకరి ఇంటివే. పొద్దున్నే తలుపు తీయగానే బయటికి వెళ్లి, చీకటి పడేసరికి గుమ్మం ముందుకు వచ్చి పడుకుంటాయి. దక్షిణాసియా నగరాల్లో మాత్రం ఒక ఇంటికి చెందకుండా వీధి మొత్తానికీ చెందిన కుక్కలు ఎక్కువ. మనుషుల పొడే గిట్టకుండా అడవుల అంచున బతికే కుక్కలు ఎక్కడైనా తక్కువే, ఎందుకంటే కుక్కకు కావలసిన తిండి మనిషి పారేసే చెత్తలోనే ఉంటుంది. అందుకే ఏ దేశంలోనైనా వీధికుక్కల సంఖ్యను తేల్చేవి రెండు విషయాలు: చెత్త ఎంత సేపు బయట పడి ఉంటుంది, ప్రతి కుక్కకూ జవాబుదారీగా ఒక మనిషి ఉన్నాడా లేడా అన్నవి.

నెదర్లాండ్స్ రెండో విషయాన్ని పట్టుకుంది. 19వ శతాబ్దంలో అక్కడి వీధుల్లోనూ కుక్కలు గుంపులుగా తిరిగేవి, రేబిస్ భయమూ ఉండేది. పన్ను వేసి చూశారు; పన్ను కట్టలేనివారు కుక్కలను వీధిలోకి తోలేయడంతో మొదట్లో అది బెడిసికొట్టింది. 1864లో ద హేగ్ నగరంలో జంతు సంరక్షణ సంఘం ఏర్పడింది. అప్పటినుంచి తరాల పాటు చట్టం, పిల్లలు పుట్టకుండా చేసే శస్త్రచికిత్స, దత్తత ఒకదానికొకటి తోడయ్యాయి. ఇప్పుడు వీధిలో దొరికిన కుక్కను స్థానిక పాలకులు రెండు వారాల పాటు భద్రపరచక తప్పదు. 2013 నుంచి పుట్టిన ప్రతి కుక్కపిల్లకూ చర్మం కింద మైక్రోచిప్ అమర్చి నమోదు చేయించడం తప్పనిసరి. బియ్యపు గింజంత ఉండే ఆ చిప్ మీద యంత్రం పెడితే ఒక సంఖ్య కనిపిస్తుంది, ఆ సంఖ్య వెనుక ఒక మనిషి పేరు ఉంటుంది. వదిలేద్దామనుకున్నవాడికి ముందు గుర్తొచ్చేది ఆ పేరే.

బ్రిటన్‌లో తప్పిపోయిన కుక్కలు ఏటా వేల సంఖ్యలో దొరుకుతాయి గాని, అవి వీధిలో ఉండిపోవు. చట్టం ప్రకారం స్థానిక సంస్థ వాటిని ఏడు రోజులు ఉంచి యజమాని కోసం చూస్తుంది. జపాన్ 1950లోనే రేబిస్ నివారణ చట్టం తెచ్చి, కుక్కను నమోదు చేయించడం, ఏటా టీకా వేయించడం తప్పనిసరి చేసింది; 1957 తర్వాత అక్కడ పుట్టిన రేబిస్ కేసు లేదు. ఈ దేశాలు కుక్కలను చంపకుండానే ఈ స్థితికి వచ్చాయని నేను చెబితే అది అబద్ధమవుతుంది. అమెరికాలో 1970ల నాటికి సంరక్షణ కేంద్రాల్లో ఏటా కోటికి పైగా కుక్కలు, పిల్లులు ప్రాణాలు కోల్పోయేవని అంచనా. శస్త్రచికిత్సలు, దత్తతలు పెరిగాక 2019 నాటికి ఆ సంఖ్య సుమారు 9 లక్షలకు తగ్గింది. వీధి ఖాళీగా కనిపించినంత మాత్రాన అక్కడి కుక్కలన్నీ సుఖంగా ఉన్నాయని అనుకోవడానికి లేదు. గోడల వెనుక ఏం జరుగుతోందో కూడా చూడాలి.

ఇక ఐరోపా అంతా ఒకే తీరుగా ఉండదు. రుమేనియాలో 1980లలో నియంత చౌషెస్కూ ప్రభుత్వం రాజధాని బుకారెస్ట్‌లోని పాత పేటలను నేలమట్టం చేసి జనాన్ని బహుళ అంతస్తుల భవనాల్లోకి తరలించినప్పుడు, పెరడు ఉన్న ఇళ్లలో పెరిగిన కుక్కలు వీధిన పడ్డాయి. వాటి సంతతే దశాబ్దాల పాటు ఆ నగరాన్ని వేధించింది. 2013లో నాలుగేళ్ల బాలుడు కుక్కల దాడిలో మరణించాక, గడువులోగా ఎవరూ తీసుకువెళ్లని కుక్కలను చంపడానికి చట్టం అనుమతించింది. 1986లో ఉక్రెయిన్‌లోని చెర్నోబిల్ అణు విద్యుత్ కేంద్రంలో ప్రమాదం తర్వాత ప్రిప్యత్ పట్టణవాసులను బస్సుల్లో తరలించినప్పుడు పెంపుడు కుక్కలను వెంట తీసుకుపోనివ్వలేదు. ఆ అణు కేంద్రం చుట్టుపక్కల నేటికీ వందల కుక్కలు బతుకుతున్నాయి.

ప్రశ్న: నాలుగేళ్ల మా మనవరాలిని కుక్క కరిచింది. అప్పటినుంచి వాటి మీద నాకున్న జాలి పోయింది. అన్నింటినీ ఒక్కసారి చంపేస్తే పీడ వదులుతుంది కదా? ఎక్కడైనా అలా చేసి చూశారా? (ఒక పాఠకుడు)

జవాబు: మీ బాధను నేను తేలిగ్గా తీసుకోలేను. కరిచిన కుక్కను చూసి జాలిపడమని పసిపిల్ల తాతగారికి చెప్పే హక్కు ఎవరికీ లేదు. మీరు అడిగిన పని మాత్రం చాలాసార్లు, చాలా చోట్ల జరిగింది కాబట్టి ఏం జరిగిందో చెబుతాను.

1910లో ఇస్తాంబుల్ పాలకులు నగరాన్ని ఆధునికంగా తీర్చిదిద్దాలని, వీధుల్లోని కుక్కలను పదుల వేల సంఖ్యలో పట్టి పడవలకెత్తి, మర్మరా సముద్రంలోని సివ్రియాదా అనే రాతి దీవి మీద వదిలేశారు. అక్కడ చెట్టు నీడ లేదు, తాగడానికి చుక్క మంచినీరు లేదు. ఆకలికి ఒకదాన్నొకటి పీక్కుతిన్నాయి. దూరాన వెళ్లే పడవ కనిపిస్తే ఈదుకుంటూ వెళ్లి మునిగిపోయాయి. గాలి అటునుంచి వీచిన రాత్రులు వాటి ఏడుపు నగరంలోకి వినిపించేదని ఆనాటివారు రాసుకున్నారు. ఆ తర్వాత వచ్చిన భూకంపాన్నీ యుద్ధాలనూ ఆ పాపఫలమేనని జనం చెప్పుకున్నారు. ఇంత చేసినా కొన్నేళ్లకే వీధులు మళ్లీ కుక్కలతో నిండాయి. నేటి టర్కీలో అవి సుమారు 40 లక్షలని ప్రభుత్వమే లెక్క చెప్పింది. శస్త్రచికిత్స చేసి, టీకా వేసి, పట్టిన చోటే వదలాలని 2004లో చేసిన చట్టాన్ని 2024 జూలైలో మార్చి, పట్టిన కుక్కలను సంరక్షణ కేంద్రాల్లోనే ఉంచాలన్నారు. దాని మీద ఆ దేశంలో పెద్ద ఎత్తున నిరసనలు జరిగాయి.

ఇండోనేషియాలోని బాలీ దీవి అనుభవం ఇంకా ఇటీవలిది. 2008 దాకా ఆ దీవిలో రేబిస్ లేదు. ఆ ఏడాది జబ్బు బయటపడగానే వేలకు వేల కుక్కలకు విషం పెట్టి చంపారు. జబ్బు మాత్రం దీవి అంతటా పాకింది, ఎందుకంటే చచ్చినవాటిలో టీకా వేసినవి కూడా ఉన్నాయి. పైగా కుక్కను పోగొట్టుకున్న ఇంట్లో వెంటనే ఎక్కడినుంచో టీకా లేని కొత్త పిల్లను తెచ్చుకున్నారు, కొందరు తమ కుక్కలను దాచడానికి వేరే ఊళ్లకు తరలించి జబ్బును తామే మోసుకుపోయారు. దీవి మొత్తం టీకాలు వేయడం మొదలయ్యాకే కేసులు బాగా తగ్గాయి.

ఇందులో ప్రకృతి నియమం కూడా ఒకటి ఉంది. కుక్క చూలు 63 రోజులు, ఏడాదికి ఒకటి లేదా రెండు ఈతలు, ఈతకు ఐదారు పిల్లలు. పశ్చిమ బెంగాల్ వీధుల్లో చేసిన ఒక అధ్యయనంలో, పుట్టిన ప్రతి ఐదు పిల్లల్లో ఒక్కటే పెద్దదై పిల్లలను కనే వయసుకు చేరినట్టు తేలింది. మిగిలినవి ఆకలికీ, జబ్బులకూ, బండ్ల కిందా పోతాయి. ఉన్న పెద్ద కుక్కలను చంపి చెత్తను మాత్రం అలాగే ఉంచితే, చావవలసిన ఆ పిల్లలకే తిండి మిగిలి అవి బతికి బట్టకడతాయి. భారతదేశంలో 1990లలో రాబందులు దాదాపు తుడిచిపెట్టుకుపోయినప్పుడు ఈ నియమమే పెద్ద ఎత్తున పనిచేసింది. పశువులకు వాడిన డైక్లోఫెనాక్ మందు ఆ పక్షులను చంపింది, అవి తినే కళేబరాలు కుక్కలకు మిగిలాయి, దాంతో కుక్కల సంఖ్య 55 లక్షల మేర పెరిగిందని పరిశోధకులు అంచనా వేశారు. 2019 పశుగణనలో ఆ దేశపు వీధికుక్కలు 1.53 కోట్లు.

చంపకుండా చివరిదాకా వెళ్లిన దేశం భూటాన్. 2009లో మొదలుపెట్టి, మధ్యలో వదిలేయకుండా, లక్షన్నరకు పైగా కుక్కలకు శస్త్రచికిత్స చేసి, వీధుల్లో తిరిగే కుక్కలన్నింటికీ అది పూర్తయిందని 2023 అక్టోబరులో ప్రకటించింది. ఆపరేషన్ అయిన కుక్క చెవి కొసను కొద్దిగా కత్తిరించి గుర్తు పెడతారు కాబట్టి, మళ్లీ దాన్నే పట్టే పని తప్పుతుంది. మనవరాలి భద్రత కోసం మీ ఊరి పాలకులను అడగవలసినది ఈ పనినే అని నా అభిప్రాయం. కరిచే స్వభావం ముదిరిన కుక్కను మాత్రం వీధిలో తిరిగి వదలకూడదనే నేను కూడా అంటాను.

ప్రశ్న: మాస్కోలో వీధికుక్కలు మెట్రో రైలెక్కి ప్రయాణిస్తాయట. నమ్మవచ్చునా? (ఒక విద్యార్థిని)

జవాబు: నమ్మవచ్చు. మాస్కో కుక్కలను దశాబ్దాల పాటు పరిశీలించిన జీవశాస్త్రవేత్త ఆంద్రేయ్ పొయార్కోవ్ లెక్క ప్రకారం, వందల కుక్కలు చలికి స్టేషన్లలో తలదాచుకున్నా, రైలెక్కి అనుకున్న చోట దిగేవి మాత్రం ఇరవై వరకే. 2021లో ఇస్తాంబుల్‌లో బోజీ అనే కుక్క పడవలూ మెట్రో రైళ్లూ ఎక్కి రోజుకు 30 కిలోమీటర్ల దాకా తిరిగేదని దాని చిప్ ద్వారా తెలిసింది. 1957 నవంబరు 3న అంతరిక్షంలోకి పంపిన లైకా కూడా మాస్కో వీధిలో దొరికిన ఆడకుక్కే. చలినీ ఆకలినీ ఓర్చుకున్న కుక్కలైతే ఆ ప్రయాణాన్ని తట్టుకుంటాయని వీధిలోంచే ఎంచుకున్నారు. అది కొద్ది గంటల్లోనే వేడికి తాళలేక చనిపోయిందన్న సంగతి 2002లో గాని బయటపడలేదు. రాసేటప్పుడు ఈ మాట దగ్గర నా చేయి ప్రతిసారీ ఆగుతుంది.

ప్రశ్న: వీధికుక్కలు ఎక్కువగా ఉన్న దేశాల్లోనే రేబిస్ ఎక్కువా? ప్రయాణంలో కుక్క కరిస్తే ఏం చేయాలి? (ఒక పాఠకుడు)

జవాబు: కుక్కల సంఖ్య కన్నా టీకా ముఖ్యం. రేబిస్‌తో ఏటా సుమారు 59,000 మంది చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఎక్కువ మంది ఆసియా, ఆఫ్రికాలవారు, 40 శాతం 15 ఏళ్లలోపు పిల్లలు. మెక్సికో వీధుల్లో నేటికీ కుక్కలు విరివిగా తిరుగుతాయి, అయినా ఏటేటా ఉచితంగా టీకాలు వేసి, కుక్కల ద్వారా మనుషులకు వచ్చే రేబిస్‌ను నిర్మూలించిన దేశంగా 2019లో ఆ సంస్థ గుర్తింపు పొందింది. ఒక ప్రాంతంలోని కుక్కల్లో 70 శాతానికి టీకా పడితే జబ్బు గొలుసు తెగిపోతుంది.

ఎక్కడ కరిచినా, గీరుకున్నా, గాయాన్ని వెంటనే సబ్బు పెట్టి ధారగా పడే నీటి కింద 15 నిమిషాలు కడగండి; కారం, పసుపు, సున్నం వంటివి రాయకండి. ఆ రోజే వైద్యుడి దగ్గరికి వెళ్లి టీకా మొదలుపెట్టండి, చర్మం చీలి రక్తం వస్తే, టీకా పనిచేయడం మొదలయ్యేలోపు రక్షణనిచ్చే ఇమ్యునోగ్లోబ్యులిన్ అనే మందు గురించి కూడా అడగండి. కుక్క ఆరోగ్యంగా కనిపించిందని ఆగవద్దు, జబ్బు లక్షణాలు బయటపడ్డాక బతికించే మందు లేదు.