పాత అద్భుత కథలను టీనేజ్ పిల్లల కోసం సరదాగా తిరగరాసిన నవలల్లో ఏది ముందు చదవాలి? అసలు కథకీ వాటికీ తేడా ఏమిటి?

గెయిల్ కార్సన్ లెవీన్ 1997లో రాసిన 'ఎల్లా ఎన్‌చాంటెడ్'తో మొదలుపెట్టండి. ఇది సిండ్రెల్లా కథే. 1697లో ఫ్రెంచ్ రచయిత షార్ల్ పెరో అచ్చు వేయించిన కథలో ఆ పిల్ల సవతి తల్లి చెప్పిన చాకిరీ అంతా నోరెత్తకుండా చేస్తుంది. ఎందుకంటే, మంచి పిల్ల కాబట్టి. నాన్నకు చెబితే తననే తిడతాడన్న భయం తప్ప, అంతకు మించి కారణం ఉండదు.

లెవీన్ పట్టుకున్నది ఆ లోటునే. ఎల్లా పుట్టగానే లూసిండా అనే దేవత వచ్చి విధేయతను వరంగా ఇస్తుంది. ఇక ఎవరు ఏం ఆజ్ఞాపించినా ఆ పిల్ల చేసి తీరాలి, మొండికేస్తే కళ్ళు తిరుగుతాయి. అయినా ఊరుకోదు. వంటమనిషి మాండీ బాదంపప్పు తెమ్మంటే రెండంటే రెండే పలుకులు తెచ్చి ఇస్తుంది! మాట వినడంలోనే ఎదురు తిరగడం ఉంది చూడండి, రోజంతా "అది చెయ్యి, ఇది చెయ్యి" అని వినే వయసు వాళ్ళకు అది ఇట్టే పట్టేస్తుంది.

నా దృష్టిలో మంచి తిరగరాతకు గుర్తు ఇదే. రాజకుమారుడి చేతికి సెల్‌ఫోన్ ఇచ్చినంత మాత్రాన కథ కొత్తది కాదు. పాత కథ దాటేసిన ప్రశ్నను పట్టుకుని చివరిదాకా వెళ్ళాలి.

తర్వాత పట్రీషియా రీడీ 1990లో రాసిన 'డీలింగ్ విత్ డ్రాగన్స్' చదవండి. పాత కథల్లో డ్రాగన్లే రాకుమార్తెలను ఎత్తుకుపోతాయి; ఇందులో సిమొరీన్ అనే రాకుమారి ఇష్టంలేని పెళ్ళి తప్పించుకుని, తనంతట తానే కజూల్ అనే డ్రాగన్ దగ్గర పనికి కుదురుతుంది. వంట చేస్తుంది, పుస్తకాలు సర్దుతుంది, కాపాడతామంటూ వచ్చిన వీరులను వెనక్కి పంపేస్తుంది.