అడగండి చెబుతాం: ఫుట్‌పాత్ ఉన్నా రోడ్డు మీదే నడక

ప్రశ్న: మా వీధికి రెండు వైపులా ఫుట్‌పాత్ ఉంది. అయినా డెబ్బై దాటిన మా అత్తగారు గుడికి వెళ్లినా, మూడో తరగతి చదివే మా పాప బడికి వెళ్లినా రోడ్డు మీదే నడుస్తారు. మొన్న బైకు హ్యాండిల్ తగిలి అత్తగారి చేతిలోని కూరల సంచి రోడ్డున పడింది. వార్డు ఆఫీసులో అడిగితే, ‘‘ఫుట్‌పాత్ వేశాం కదమ్మా, దాని మీద నడవమనండి’’ అన్నారు. మా ఆయనదీ అదే మాట. వీధి నడకకు పనికొస్తుందో లేదో తేల్చే లెక్క ఏదైనా ఉందా?
– ఒక పాఠకురాలు (పేరు, ఊరు వేయవద్దన్నారు)

జవాబు: ఉందమ్మా. దానికి టేపు కంటే ముందు మీ అత్తగారు కావాలి.

నా ఉద్యోగమంతా రోడ్లు వేయించడంలోనే గడిచింది. ఫుట్‌పాత్ పూర్తయితే పని కొలతలు రాసే ఎం.బుక్కులో పొడవెంత, వెడల్పెంత, టైల్స్ ఎన్ని అని రాసి బిల్లు పెట్టేవాళ్లం. నడిచే మనిషి దాని మీంచి ఎన్నిసార్లు దిగాల్సి వస్తుందో రాయడానికి ఆ బుక్కులో గడి లేదు. మీరు రాయాల్సింది అదే.

ఒక సాయంత్రం మీ అత్తగారిని గుడి దాకా ఫుట్‌పాత్ మీదే నడవమనండి. పాప చేతికి సుద్దముక్క ఇవ్వండి. నాయనమ్మ ఎక్కడ రోడ్డు మీదికి దిగితే అక్కడ ఒక గీత గీయాలి. ఎందుకు దిగారో మీరు కాగితం మీద రాసుకోండి. ఆవిణ్ని తొందరపెట్టకండి, చెయ్యి పట్టుకుని ఎక్కించకండి. మీవారిని కూడా వెంట రమ్మనండి, వాదన సగం అక్కడే తీరిపోతుంది.

చాలా వీధుల్లో అసలు ఎక్కడంతోనే పేచీ. పాదచారుల సదుపాయాలకు ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ మార్గదర్శకాలున్నాయి, ఐఆర్‌సీ 103 అంటారు. ఫుట్‌పాత్ అంచు ఎత్తు 150 మిల్లీమీటర్లు, అంటే అరడుగు, మించకూడదని వాటిలో ఉంది. మన దగ్గర కాలువ గోడే ఫుట్‌పాత్ అంచు. రేపు రోడ్డు మీద ఇంకో పొర పడితే సరిపోతుందిలే అని ఆ గోడను ముందే ఎత్తుగా లేపుతారు. మోకాళ్ల నొప్పులున్న మనిషికి ఆ గట్టు ఎక్కి దిగడం కంటే బైకుల మధ్య నడవడమే సుఖం.

తర్వాత వెడల్పు చూడండి. నివాస ప్రాంతాల్లో అడ్డేమీ లేకుండా కనీసం 1.8 మీటర్లు ఉండాలి, సుమారు ఆరడుగులు. తల మీద 2.2 మీటర్ల ఖాళీ ఉండాలి. ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె, కరెంటు స్తంభం, దాన్ని లాగిపట్టే స్టే వైరు పోగా మిగిలిందే వెడల్పు. కాలువ మీది పలకలను కూడా ఒక్కొక్కటీ కాలితో నొక్కి చూడండి. పూడిక తీయడానికి లేపిన పలకను మళ్లీ కుదురుగా కూర్చోబెట్టడం అరుదు. ఒక మూల లేచి ఉంటుంది, కాలు పడగానే టక్కుమంటుంది. వయసు మళ్లినవాళ్లు ఆ శబ్దం ఒకసారి వింటే ఇక దాని జోలికి పోరు.

ఒక చేదు మాట చెప్పక తప్పదు. మీ కాగితం మీద ఎక్కువ గీతలకు కారణంగా తేలేది ఇళ్ల ముందు ర్యాంపులే. కారు గేటులోకి ఎక్కడానికి ఎవరికి వారు ఫుట్‌పాత్‌ను కొట్టేసి ఏటవాలుగా సిమెంటు పోయించుకుంటారు. ఇంటింటికీ ఒక ఎక్కుడు, ఒక దిగుడు. ఫుట్‌పాత్ మట్టంగా సాగిపోవాలి, వాలు గేటు లోపలికి జరగాలి. మీ ఇంటి ముందు ఎలా ఉందో మీరు రాయలేదు. అర్జీ పెట్టేముందు అది సరిచేయించుకోండి, లేకపోతే వార్డు ఆఫీసులో మొదటి ప్రశ్న అదే వస్తుంది.

అందరూ ముందుగా ఫిర్యాదు చేసేది ఇడ్లీ బండి మీద. తొందరపడకండి. 2014 నాటి వీధి విక్రయదారుల చట్టం కింద వాళ్ల చోటు సంగతి చూసేందుకు టౌన్ వెండింగ్ కమిటీ ఉంటుంది. పైగా రాత్రి తొమ్మిదింటికి వీధిలో కాస్త వెలుతురూ నలుగురు మనుషులూ ఉండేది ఆ బండి దగ్గరే.

రోడ్డు దాటడం వేరే లెక్క. టేపుతో యాభై మీటర్లు కొలిచి రెండు చివర్లా గుర్తు పెట్టండి. ఆ దూరాన్ని బండి ఆరు సెకన్లలో దాటితే వేగం గంటకు 30 కిలోమీటర్లు, నాలుగు సెకన్లలో దాటితే 45. మీ అత్తగారు రోడ్డు దాటడానికి పన్నెండు సెకన్లు పడుతుందనుకుందాం. ఆలోగా 45 వేగంతో వచ్చే బైకు 150 మీటర్లు వచ్చేస్తుంది. అంటే ఆవిడ అడుగు వేసేటప్పటికి అంతమేర రోడ్డు ఖాళీగా కనపడాలి. మలుపులో వ్యాను ఆపి ఉంటే ఎంత జాగ్రత్తపరులకైనా ఏం కనపడుతుంది? మలుపు దగ్గర పార్కింగు తీయించమని మొదట అడగండి, దానికి టెండరు అక్కర్లేదు.

కారణాలు రాసిన కాగితం, ఫొటోలు జతచేసి సోమవారం గ్రీవెన్సులో ఇచ్చి రసీదు తీసుకోండి. అడ్డంకుల్లేని ఫుట్‌పాత్ పాదచారుల హక్కనీ, అది రాజ్యాంగం 21వ అధికరణలో భాగమనీ సుప్రీంకోర్టు 2025 మేలో చెప్పింది. ఆ మాటా అర్జీలో రాయండి. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది పోతే వాళ్లలో 32,825 మంది నడిచివెళ్తున్నవాళ్లే. ఇది కేంద్ర రవాణా శాఖ లెక్క.

ప్రశ్న: మా కాలనీలో బైకుల జోరు తట్టుకోలేక చందాలు వేసుకుని స్పీడ్ బ్రేకర్ కట్టిద్దామనుకుంటున్నాం. కట్టించవచ్చా?
– కాలనీ సంఘం కార్యదర్శి

జవాబు: సొంతంగా వద్దండీ. రోడ్డు ఎవరిదో వాళ్ల అనుమతి కావాలి. మేస్త్రీని పిలిచి అడుగెత్తు కాంక్రీటు దిమ్మ పోయిస్తే వెనక సీటులో కూర్చున్నవాళ్ల నడుము పోతుంది, అంబులెన్సు కూడా ఆ దిమ్మ మీంచే రావాలి. కుర్రకారు ఎలాగూ అంచు పక్కన సందు చూసుకుని పోతారు, ఆ సందు ఫుట్‌పాత్ వైపే ఉంటుంది. ఐఆర్‌సీ కొలత ప్రకారం మధ్యలో ఎత్తు 10 సెంటీమీటర్లు, బండి వెళ్లే దిశలో వెడల్పు 3.7 మీటర్లు. అంటే ఎత్తు తక్కువ, వెడల్పు ఎక్కువ. గంటకు 25 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండికి అది పెద్దగా తెలియదు, అంతకు మించితేనే ఎత్తేస్తుంది. ముందు బోర్డు, పైన తెల్ల చారలు తప్పనిసరి. చందా డబ్బు వసూలైపోయి ఉంటే వెలగని వీధి దీపాల సంగతి చూడండి, దీపం ముందుకు పెరిగిన చెట్టు కొమ్మలు కొట్టించడానికి ఖర్చు కూడా పెద్దగా కాదు.