కూతురికి సగమా, మొత్తమా? రెండూ కరెక్టే

బ్రదర్, ఇస్లామ్ వారసత్వం లెక్కల్లో చనిపోయినాయనకి ఒక్క కూతురు, ఒక సొంత తమ్ముడే మిగిలితే ఒకచోట ఆస్తిలో కూతురికి సగం అని, ఇంకోచోట మొత్తం అని ఎందుకుందని అడిగారు కదా, ఫిఖ్ (ఇస్లామ్ ధర్మశాస్త్రం) వేరండి అంతే. హనఫీ, మాలికీ, షాఫయీ, హంబలీ, ఈ నాలుగు సున్నీ మజ్‌హబ్‌లలోనూ (ఫిఖ్ సంప్రదాయాల్లోనూ) కూతురికి 1/2, మిగిలింది తండ్రి వైపు దగ్గరి మగ బంధువుగా తమ్ముడికి. షియాల జాఫరీ మజ్‌హబ్‌లో అలా కాదు, వారసుల్ని వరసలుగా చూస్తారు, పిల్లలు, తల్లిదండ్రులు మొదటి వరస, అన్నదమ్ములు రెండోది, మొదటి వరసలో ఒక్కరున్నా రెండోదానికి ఏమీ రాదు, సో సగం వాటాగా, మిగతా సగం రద్ద్ (మిగిలింది వాటాదారుకే తిరిగివ్వడం) కింద మళ్ళీ కూతురికే. సున్నీ, షియా తేడా అంటే అందరూ నమాజులో చేతులు కట్టుకోవడం గురించే మాట్లాడతారు గానీ నాకైతే అసలు తేడా ఇక్కడే కనిపిస్తుంది. అన్నట్టు అప్పులు, భార్యకి మహర్ (పెళ్ళిలో భర్త ఇస్తానని ఒప్పుకున్న సొమ్ము) బాకీ ఉంటే అవి తీర్చాకే ఈ లెక్కలన్నీ, రెండిట్లోనూ.