సినారెకు జ్ఞానపీఠం 'విశ్వంభర'కే వచ్చిందా?

నిబంధనల ప్రకారం చూస్తే కాదు. కానీ పోటీ పరీక్షల గైడ్లన్నీ అలాగే రాస్తాయి, అందులో పూర్తిగా తప్పూ లేదు.

జ్ఞానపీఠ పురస్కారాన్ని 1965 నుంచి 1981 వరకు ఒక నిర్దిష్ట గ్రంథానికి ఇచ్చేవారు. అందుకే 1970లో విశ్వనాథ సత్యనారాయణకు 'శ్రీమద్రామాయణ కల్పవృక్షం' పేరు మీదే వచ్చింది. 1982 నుంచి పద్ధతి మారి, రచయిత మొత్తం సాహిత్య కృషిని లెక్కలోకి తీసుకుంటున్నారు. సి.నారాయణరెడ్డికి వచ్చింది 1988 సంవత్సరపు పురస్కారం, అంటే ఈ రెండో పద్ధతిలో.

మరి 'విశ్వంభర' పేరు ఎందుకు అంటిపెట్టుకుంది? ఆయన కృషికి శిఖరంగా అందరూ చూపే కావ్యం అదే కాబట్టి. 1980లో వచ్చిన ఈ వచన కవితా కావ్యంలో రాముడో కృష్ణుడో కాదు, మానవుడే నాయకుడు, భూమే రంగస్థలం. పేరున్న పాత్రలు, కథ అంటూ ఉండవు. ఆదిమ దశ నుంచి కళ, విజ్ఞానం, ఆధ్యాత్మికతల వైపు మనిషి సాగించిన ప్రయాణమే ఇతివృత్తం. సినిమా పాటలతోనే ఆయన్ని ఎరిగినవాళ్లు ముందు చదవాల్సింది ఇదే.

ఇంకో గందరగోళం: 1973లో ఆయనకు వచ్చిన కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు 'మంటలూ మానవుడూ' అనే కవితా సంపుటికి. అది పుస్తకానికిచ్చే బహుమతే. పైగా జ్ఞానపీఠం ప్రభుత్వ పురస్కారం కాదు, భారతీయ జ్ఞానపీఠ్ అనే ప్రైవేటు ట్రస్టుది. పరీక్షలో 'ఏ కావ్యానికి?' అని అడిగితే మాత్రం 'విశ్వంభర' అనే రాయండి, మార్కు దానికే పడుతుంది.