అమ్మగారి శుక్లం ఆపరేషన్: ఏ లెన్స్ అనేది చివరి ప్రశ్న

మీరు అడిగింది ఇదీ: అమ్మగారికి 66 ఏళ్లు, పదేళ్లుగా షుగర్, రెండు కళ్లలోనూ శుక్లాలు. బాగా ముదిరాకే చేయించమని చుట్టాలంటున్నారు. ఆసుపత్రిలో మాత్రం మామూలు లెన్స్, మల్టీఫోకల్, లేజర్ అని మూడు ప్యాకేజీల కాగితం చేతిలో పెట్టారు. ఏది తీసుకోవాలి? ఆపరేషన్‌కు ముందు కంటి కొలతలు తీసే పనిలో ఉన్నాను కాబట్టి వివరంగా చెబుతాను. ఆ కాగితం కాసేపు పక్కన పెట్టండి.

ముదరాలి అన్న మాట ఊరికే పుట్టలేదు. ఒకప్పుడు కంటి లెన్స్‌ను, దాని చుట్టూ ఉండే పలచటి సంచితో సహా మొత్తంగా బయటికి తీసేవారు. గట్టిపడిన పొర సులువుగా వచ్చేది. తర్వాత సోడాబుడ్డి అద్దాలు పెట్టుకుని బతికేవారు. ఇప్పటి ఫేకో పద్ధతిలో లెన్స్‌ను అల్ట్రాసౌండ్‌తో ముక్కలు చేసి లాగేస్తారు. అది ఎంత గట్టిగా ఉంటే అంత ఎక్కువ శక్తి వాడాలి. నల్లగుడ్డు మీది కార్నియా లోపలి వైపు ఒకే వరుసలో కణాలుంటాయి, పోయినవి మళ్లీ పుట్టవు. ఆ శక్తి తగిలేది వాటికే. ఇంకా ఆగితే పొర తెల్లబడి, ఉబ్బి, కంట్లో ప్రెషర్ పెరిగి విపరీతమైన నొప్పి రావచ్చు. అలా వచ్చాక చేసినా చూపు పూర్తిగా రాకపోవచ్చు.

మరి ఎప్పుడు చేయించాలి? చార్టులో ఎన్ని అక్షరాలు చదివారన్నదొక్కటే చూడకండి, రోజువారీ పని చూడండి. బియ్యంలో రాళ్లు కనిపించడం లేదా, మెట్టు అంచు తెలియడం లేదా, రాత్రి ఎదురొచ్చే బండి లైటు కళ్లలో చెదిరిపోతోందా? అయితే సమయం వచ్చినట్టే. కొందరు ‘ఈమధ్య కళ్లజోడు లేకుండానే పేపర్ చదువుతున్నాను’ అని సంతోషిస్తారు. లెన్స్ నడిమధ్య గట్టిపడి దగ్గరి చూపు కొన్నాళ్లు అలా మెరుగైనట్టు అనిపిస్తుంది, అంతే. చుక్కల మందుతో శుక్లం కరగదు. తేనె, ఆముదం, చనుబాలు కంట్లో వేయనివ్వకండి, ఇన్‌ఫెక్షన్ వస్తే ఉన్న చూపూ పోతుంది.

షుగర్ ఉంది కాబట్టి అన్నిటికన్నా ముందు కంటిపాప పెద్దదయ్యే చుక్కలు వేసి రెటీనా, అంటే కంటి వెనకుండే తెర, చూడాలి. పొర దట్టంగా ఉండి లోపల కనిపించకపోతే బి-స్కాన్, అంటే కంటికి అల్ట్రాసౌండ్ స్కాన్, తీస్తారు. చూపుకు కేంద్రమైన మాక్యులాలో వాపుంటే సాధారణంగా ముందు దానికి వైద్యం చేస్తారు. ఈ పరీక్ష లేకుండా లెన్స్ గురించి మాట్లాడటం దండగ.

తర్వాత బయోమెట్రీ, అంటే కంటి పొడవు, కార్నియా వంపు కొలవడం. మామూలుగా కన్ను 23, 24 మి.మీ. పొడవుంటుంది. కొలతలో 1 మి.మీ. తప్పితే లెన్స్ పవర్ సుమారు రెండున్నర డయాప్టర్లు (సైటును లెక్కించే కొలమానం) తప్పుతుంది. ఖరీదైన లెన్స్ పెట్టించుకున్నా మసకే మిగలడానికి ఇదొక ముఖ్య కారణం. కళ్లు పొడిబారినా వంపు లెక్క మారిపోతుంది. రెండుసార్లు కొలిచి, రెండూ సరిపోతేనే ఒప్పుకోండి. కాంటాక్ట్ లెన్సులు వాడేవారైతే కొలతకు ముందు కొన్నాళ్లు మానాలి.

పద్ధతి విషయం. ఫేకోలో కోత 2 నుంచి 3 మి.మీ. లోపే, మడత లెన్స్ పెడతారు. చిన్న కోత పద్ధతిలో, అంటే ఎస్ఐసీఎస్‌లో, కోత 6, 7 మి.మీ. ఉన్నా మామూలుగా కుట్లు అక్కర్లేదు. దాన్ని పేదల ఆపరేషన్ అని తీసిపారేయకండి. రాయిలా గట్టిపడిన, గోధుమరంగు తిరిగిన శుక్లానికి నేర్పున్న చేతిలో అదే క్షేమం. కాకపోతే కోత పెద్దది కాబట్టి అడ్డసైటు, అంటే కార్నియా వంపు అన్ని వైపులా ఒకేలా లేక వచ్చే సైటు, కొంచెం ఎక్కువ మిగలొచ్చు. మీ కాగితంలోని లేజర్, అంటే ఫెమ్టో లేజర్, కోతలు పెడుతుంది, సంచి మీద గుండ్రంగా తెరుస్తుంది, లెన్స్‌ను ముక్కలుగా చీలుస్తుంది. పీల్చి తీయాల్సింది మళ్లీ ఫేకో యంత్రమే. చూపు ఫలితంలో పెద్ద తేడా లేదని పరిశోధనల్లో తేలింది. డబ్బు తక్కువైతే ముందు వదిలేయాల్సింది దీన్నే.

ఇక లెన్స్. మీరు చెప్పిన పరిస్థితికి నా ఓటు మోనోఫోకల్‌కే, అంటే కాగితంలోని మామూలు లెన్స్‌కే. దూరం స్పష్టంగా ఉంటుంది, చదవడానికి కళ్లజోడు కావాలి. మల్టీఫోకల్ వచ్చిన వెలుగును దూరానికీ దగ్గరికీ పంచుతుంది. అందుకే లైట్ల చుట్టూ వలయాలు కనిపిస్తాయి, మసక వెలుతురులో కాంట్రాస్ట్ తగ్గుతుంది. షుగర్ వల్ల రేపు రెటీనా దెబ్బతింటే ఆ లోటు ఇంకా పెరుగుతుంది. అడ్డసైటు సుమారు ఒకటిన్నర డయాప్టర్లు దాటితే మాత్రం దాన్ని సరిచేసే టోరిక్ లెన్స్‌కు పెట్టిన డబ్బు పనికొస్తుంది. ఆ లెన్స్ ఏ కోణంలో కూర్చోవాలో చూపే గుర్తులు కంటి మీద మనిషిని కూర్చోబెట్టి వేయాలి, పడుకుంటే కన్ను కాస్త తిరుగుతుంది. లెన్స్ 10 డిగ్రీలు పక్కకు తిరిగితే ఫలితంలో మూడో వంతు పోతుంది.

ఏ లెన్స్ పెట్టినా పెట్టె మీది స్టిక్కర్ డిశ్చార్జి కాగితానికి అంటించమనండి. పవర్, మోడల్, సీరియల్ నంబర్ అందులో ఉంటాయి. ఖర్చు భారమైతే ప్రభుత్వ జిల్లా ఆసుపత్రుల్లో లెన్స్‌తో సహా ఉచితంగా చేస్తారు. ఇన్సూరెన్స్ ఉంటే శుక్లానికి విడిగా పరిమితి ఉందేమో ముందే చూడండి.

వాడుతున్న మందులన్నీ డాక్టరుకు చూపించండి. నెత్తురు పలచబడే మాత్రలు మీ అంతట మీరు ఆపకండి. రేపు నాన్నగారికి చేయించినా ఈ మాట గుర్తుంచుకోండి: ప్రోస్టేట్‌కు టామ్సులోసిన్ వాడినవాళ్లలో ఆపరేషన్ మధ్యలో కంటిపాప చిన్నదైపోవచ్చు. ఎప్పుడో మానేసినా సర్జన్‌కు చెప్పాలి.

ఆపరేషన్ తర్వాత చుక్కలు వేసేటప్పుడు చేతులు సబ్బుతో కడుక్కుని, కింది రెప్పను వేలితో కిందికి లాగి, ఆ గుంటలో ఒక్క చుక్క వేయండి. సీసా మూతి రెప్ప వెంట్రుకలకు కూడా తగలకూడదు. రెండో మందుకు 5 నిమిషాలు ఆగాలి. స్టెరాయిడ్ చుక్కల్ని డాక్టరు రాసిన లెక్క ప్రకారం వారం వారం తగ్గించాలి. ఎర్రదనం పోయిందని ఒకేసారి ఆపితే వాపు తిరగబెట్టవచ్చు. అదే సీసా మళ్లీ మళ్లీ కొని నెలల తరబడి వేస్తే కంట్లో ప్రెషర్ పెరగవచ్చు. తలస్నానం, పొయ్యి పొగ, పొలంలో పొట్టు దుమ్ము డాక్టరు సరేననేదాకా వద్దు.

మొదటి వారంలో నొప్పి పెరిగినా, కన్ను ఎర్రబడి చూపు తగ్గినా రేపటిదాకా ఆగకండి, అది లోపలి ఇన్‌ఫెక్షన్ కావచ్చు, ప్రతి గంటా విలువైనదే. నెలలో, ఏళ్లో గడిచాక మెల్లగా మసక వస్తే శుక్లం మళ్లీ వచ్చిందని భయపడొద్దు. లెన్స్ వెనక సంచి మసకబారి ఉండవచ్చు, ఓపీలోనే యాగ్ లేజర్‌తో కొద్ది నిమిషాల్లో సరిచేస్తారు. రెండో కన్ను మొదటిది కుదురుకున్నాక చేయించండి. మొదటి కంట్లో చివరికి ఎంత సైటు మిగిలిందో చూసి రెండో కంటి పవర్ సరిదిద్దుకునే వీలుంటుంది.