చంకల్లో తిరగబెట్టే గడ్డలు శుభ్రత లేక వచ్చేవి కావు

ప్రశ్న: నా వయసు 27 ఏళ్ళు. హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాను. ఐదేళ్ళుగా చంకల్లోనూ గజ్జల్లోనూ సెగగడ్డల్లాంటివి లేచి, చీము కారి, మానినట్టే మాని మళ్ళీ అక్కడే లేస్తున్నాయి. ఒంట్లో వేడి వల్లనని, సరిగ్గా స్నానం చేయనందువల్లనని ఇంట్లో అంటున్నారు. రోజుకు రెండుసార్లు రుద్ది రుద్ది స్నానం చేస్తున్నా తగ్గలేదు. ఈమధ్య చర్మవ్యాధి నిపుణురాలు దీన్ని ‘హైడ్రాడినైటిస్ సపరటైవా’ అన్నారు. ఇది ఎందుకు వస్తుంది?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: అమ్మా, ముందుగా ఒక మాట మనసులో పెట్టుకోండి. ఇది శుభ్రత లేక వచ్చే జబ్బు కాదు, ఒకరి నుంచి మరొకరికి అంటుకునేదీ కాదు. ఐదేళ్ళు మీరు మోసిన ఆ నింద మీది కానే కాదు.

ఈ పేరుకు మూలం చెమట గ్రంథి వాపు అనే అర్థమున్న గ్రీకు మాటలు. 1854లో ఫ్రెంచి శస్త్రవైద్యుడు వెర్నోయ్ దీన్ని చెమట గ్రంథుల వ్యాధిగా భావించడంతో ఆ పేరే స్థిరపడింది. కానీ అసలు సమస్య మొదలయ్యేది వెంట్రుక కుదురులో. కుదురు పైభాగంలో చర్మకణాలు మందంగా పేరుకుని దారి మూసుకుపోతే, లోపలి పదార్థం బయటికి రాలేక కుదురు ఉబ్బి, చివరికి చర్మం అడుగునే పగులుతుంది. అలా చెదిరిన కెరటిన్‌నూ (చర్మంలోనూ వెంట్రుకల్లోనూ ఉండే గట్టి ప్రొటీన్) వెంట్రుక ముక్కలనూ రోగనిరోధక వ్యవస్థ పరాయి వస్తువులుగా ఎంచి, అవసరానికి మించి విరుచుకుపడుతుంది. మీరు చూస్తున్న వాపు, నొప్పి, చీము చాలామటుకు ఆ దాడి ఫలితమే. పదేపదే ఇలా జరిగితే గడ్డకూ గడ్డకూ మధ్య చర్మం కింద సొరంగాల వంటి దారులు ఏర్పడతాయి. గడ్డలు లేచే చోట పక్కపక్కనే రెండు నల్లని చుక్కలున్న మొటిమలు కనిపిస్తే, అది ఈ జబ్బుకు మంచి గుర్తు. వాపును పెంచే టీఎన్‌ఎఫ్-ఆల్ఫా అనే ప్రొటీన్‌ను అడ్డుకునే అడాలిముమాబ్ ఇంజెక్షన్‌కు 2015లో అమెరికాలో ఈ జబ్బుకు అనుమతి లభించింది; లోపమంతా పైచర్మంలోని మురికిదే అయితే అటువంటి మందుతో గుణం కనిపించేది కాదు.

దారి ఎందుకు మూసుకుపోతుందనే దానికి ఒకే కారణం చెప్పలేం. దాదాపు మూడింట ఒక వంతు మందికి కుటుంబంలో మరొకరికి కూడా ఈ జబ్బు ఉంటుంది; కొన్ని కుటుంబాల్లో గామా-సెక్రెటేజ్ అనే ఎంజైమ్‌కు సంబంధించిన జన్యువుల్లో లోపాలు బయటపడ్డాయి. మీ అమ్మగారినో మేనత్తనో మెల్లగా అడిగి చూడండి, సిగ్గుతో చెప్పకుండా దాచుకున్నవారు ఉండవచ్చు. సాధారణంగా యుక్తవయసు తర్వాతే మొదలవడం, చాలామంది స్త్రీలలో నెలసరి ముందు ఎక్కువవడం హార్మోన్ల పాత్రను సూచిస్తున్నాయి. పొగతాగడం, అధిక బరువు, మధుమేహం, పీసీఓఎస్ (అండాశయాలకు సంబంధించిన హార్మోన్ల సమస్య) ఉన్నవారిలో ఇది ఎక్కువగా కనిపిస్తుంది, అయితే సన్నగా ఉండి, పొగ అలవాటు లేనివారికీ వస్తుంది. చర్మం చర్మంతో ఒరుసుకోవడం, బిగుతు దుస్తులు, మన నగరపు మే నెల ఉక్కపోతలో చెమట, ఇవి ఉన్న జబ్బును రేపుతాయే కానీ పుట్టించవు.

అందుకే గట్టిగా రుద్దడం మానేయండి. అది కుదుళ్ళను మరింత గాయపరుస్తుంది. గడ్డలను ఇంట్లో సూదితో పొడవకండి. గడ్డ లేచిన ప్రతిసారీ తేదీ, నెలసరి రోజు ఒక పుస్తకంలో రాసుకుని మీ డాక్టరుగారికి చూపించండి. మీ విషయంలో హార్మోన్ల పాత్ర ఎంతో అంచనా వేయడానికి ఆమెకు అది ఉపయోగపడుతుంది.