సుంకం తగ్గితే కోపం ఎందుకు పెరిగింది? – ఒక యువ రచయితకు లేఖ

చిరంజీవికి ఆశీస్సులు.

అమెరికా విప్లవానికి ముందరి పన్నుల మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. తారీఖులు వరసగానే ఉన్నాయి. చిక్కల్లా మొదటి వాక్యంతోనే. "బ్రిటిష్ వారు మోయలేని పన్నులు వేయడంతో వలస ప్రజలు తిరగబడ్డారు" అన్నావు. స్కూలు పుస్తకాల్లో అలాగే ఉంటుంది గానీ, ఆ మాటతో మొదలుపెడితే నువ్వే తర్వాత చెప్పిన రెండు చట్టాలు నీకు అడ్డం తిరుగుతాయి. 1764 నాటి చక్కెర చట్టం మొలాసిస్ (రమ్ము కాచే చెరకు మడ్డి) మీద సుంకాన్ని సగానికి తగ్గించింది. 1773 నాటి తేయాకు చట్టం కొత్త పన్ను వేయలేదు సరికదా, ధర దిగేలా చేసింది. సుంకం దిగిన చోటే గొడవ ఎందుకు ముదిరిందన్న ప్రశ్నతో వ్యాసాన్ని మళ్ళీ కట్టు.

ఒక్కో చట్టానికీ ఐదు సంగతులు రాసుకో: దేని మీద, ఎంత, ఎవరు వసూలు చేస్తారు, తగాదా వస్తే ఏ కోర్టు, వచ్చిన డబ్బు ఎవరి జీతానికి పోతుంది. నీ వ్యాసంలో మొదటి రెండే ఉన్నాయి. మంట పుట్టింది మిగతా మూడింటి దగ్గర.

మొలాసిస్ సంగతే చూడు. విదేశీ సరుకు మీద గాలనుకు 6 పెన్నీల సుంకం 1733 నుంచీ ఉంది. ఉందన్న మాటే గానీ కట్టినవాళ్ళు తక్కువ. ఫ్రెంచి దీవుల మొలాసిస్ దొంగదారినో, కస్టమ్స్ వాళ్ళ చెయ్యి తడిపో న్యూ ఇంగ్లండు రమ్ము బట్టీలకు చేరేది. 1763లో ఫ్రాన్సుతో ఏడేళ్ళ యుద్ధం ముగిసేసరికి బ్రిటన్ అప్పు సుమారు 13 కోట్ల పౌండ్లు. అమెరికాలో ఉంచదలచిన 10,000 మంది సైన్యం ఖర్చు దాని పైన. ప్రధాని జార్జి గ్రెన్విల్ సుంకాన్ని 3 పెన్నీలకు దించి, ఈసారి నిజంగా వసూలు చేయమన్నాడు. ఇక సరుకెక్కించాలంటే బాండు రాయాలి, పత్రాలు చూపాలి. పత్రంలో తేడా ఉంటే ఓడ జప్తు. కేసును ఊళ్ళో జ్యూరీ ముందు పెట్టకుండా, దూరాన ఇప్పటి కెనడాలోని హాలిఫాక్స్‌లో జ్యూరీ లేని నౌకా న్యాయస్థానంలో నడపొచ్చు. సుంకం కట్టానని రుజువు చేసుకోవాల్సింది సరుకుగలవాడే. అతను గెలిచినా, జప్తుకు తగిన కారణం ఉండిందని జడ్జి రాసిచ్చాడంటే ఆ అధికారి నుంచి నష్టపరిహారం రాదు. ఈ పేరా ఒక్కటి సరిగా కుదిరితే బోస్టన్ వర్తకుడి కోపాన్ని నువ్వు వేరే వర్ణించక్కర్లేదు.

1765 స్టాంపు చట్టం దగ్గర నువ్వు తపాలా బిళ్ళ అనుకున్నట్టున్నావు. మన రిజిస్ట్రారాఫీసు స్టాంపు కాగితం గుర్తు తెచ్చుకో, దాదాపు అదే. లండన్‌లో ముద్ర కొట్టిన కాగితాన్ని సర్కారు నియమించిన పంపిణీదారు దగ్గరే కొనాలి. దస్తావేజులకు, లైసెన్సులకు, పత్రికలకు అదే కావాలి. పేకముక్కల కట్టకు 1 షిల్లింగు, పత్రికలో ఒక్కో ప్రకటనకు 2 షిల్లింగులు. రేట్ల పట్టిక అంతా దించకు, ఈ రెండు చాలు. దెబ్బ తగిలింది లాయర్లకు, ముద్రాపకులకు, వర్తకులకు, అంటే ఊళ్ళో కలమూ నోరూ ఉన్నవాళ్ళందరికీ. నవంబరు 1న అమలు మొదలయ్యే నాటికి పంపిణీదార్లు దాదాపు అందరూ రాజీనామా చేసి కూర్చున్నారు. 1766 మార్చి 18న రద్దయిందని రాశావు, బాగుంది. ఆ రోజే పార్లమెంటు, వలసలకు ఏ విషయంలోనైనా చట్టం చేసే హక్కు తనదేనంటూ డిక్లరేటరీ చట్టం తెచ్చిన సంగతి వదిలేశావు. అది లేకపోతే తర్వాతి కథకు కాళ్ళుండవు.

సైనికుల్ని జనం ఇళ్ళలోకి తోశారన్న వాక్యం కొట్టెయ్. 1765 నాటి సైనిక బస చట్టం చెప్పింది బ్యారకులు, అవి చాలకపోతే సత్రాలు, సారా అంగళ్ళు, ఆ తర్వాత ఖాళీ ఇళ్ళు. కట్టెలు, కొవ్వొత్తులు, ఉప్పు ఖర్చు వలసలే పెట్టుకోవాలి. న్యూయార్క్ శాసనసభ మొండికేసింది దాని మీద.

బ్రిటిష్ ఆర్థికమంత్రి టౌన్‌షెండ్ పేరుతో వచ్చిన 1767 సుంకాలకు నాలుగు వాక్యాలు చాలు. గాజు, సీసం, రంగులు, కాగితం, తేయాకు. ఆ డబ్బుతో గవర్నర్లకు, జడ్జీలకు జీతాలిస్తే వాళ్ళు ఇక స్థానిక సభల మాట వినరు. ఆ భయాన్ని తప్పకుండా రాయి. 1770లో తేయాకు తప్ప అన్నీ ఎత్తేశారు.

తేయాకు దగ్గర నింపాదిగా రాయి, ఇక్కడ మనకూ ముడి ఉంది. ఈస్టిండియా కంపెనీ 1765లో బెంగాల్ దివానీ (శిస్తు వసూలు హక్కు), మరుసటేడు నిజాంతో ఒప్పందంలో ఉత్తర సర్కారులు చేజిక్కించుకుంది. 1767 నుంచి ఏటా 4 లక్షల పౌండ్లు బ్రిటిష్ ఖజానాకు కడతానంది. 1770 బెంగాల్ కరువు తర్వాత అప్పుల్లో కూరుకుపోయింది, లండన్ గోదాముల్లో తేయాకు పేరుకుపోయింది. దాన్ని వదిలించుకోవడానికే 1773 చట్టం. ఇంగ్లండులో కట్టిన సుంకం వాపసు, నేరుగా అమెరికాకు ఎగుమతి, అమ్మకం ఎంపిక చేసిన కొద్దిమంది ఏజెంట్లకే. బోస్టన్ ఏజెంట్లలో మసాచుసెట్స్ గవర్నర్ హచిన్సన్ కొడుకులు ఇద్దరున్నారు. పౌను తేయాకు మీద 3 పెన్నీల సుంకం మాత్రం అలాగే ఉంచారు. చౌక తేయాకు కొంటే ఆ సుంకాన్ని ఒప్పుకున్నట్టే. అయితే ఉత్సాహం కొద్దీ "మన తేయాకు" అనకు. అస్సాం తోటలు అప్పటికి లేవు, ఆ పెట్టెల్లోది చైనా సరుకు.

బోస్టన్‌ జనం ఆ తేయాకును రేవులో పారబోసింది 1773 డిసెంబరు 16నే ఎందుకన్నది నీ వ్యాసంలో లేదు. తేయాకు తెచ్చిన డార్ట్‌మౌత్ ఓడ నవంబరు 28న రేవుకొచ్చింది. 20 రోజుల్లో సుంకం కట్టకపోతే కస్టమ్స్ వాళ్ళు సరుకు స్వాధీనం చేసుకుని దించేయొచ్చు. సుంకం కట్టకుండా ఓడను వెనక్కి పంపడానికి హచిన్సన్ అనుమతివ్వలేదు. తెల్లారితే గడువు తీరుతుందనగా ఆ రాత్రి మూడు ఓడల్లోని 342 పెట్టెలు నీళ్ళపాలయ్యాయి. నువ్వు బరువునూ డబ్బునూ కలిపేశావు: 92,000 పౌన్లు తేయాకు బరువు, 9,659 పౌండ్లు దాని విలువ.

దానికి శిక్షగా 1774లో బోస్టన్ రేవు మూత, మసాచుసెట్స్ పట్టణ సభల మీద ఆంక్షలు, దానికి జవాబుగా సెప్టెంబరులో ఫిలడెల్ఫియాలో 12 వలసల ప్రతినిధుల సమావేశం. అక్కడ ఆపెయ్. 1775లో యుద్ధం మొదలైన లెక్సింగ్టన్ తుపాకుల మీద నువ్వు రాసిన రెండు పేజీలు తీసి పక్కన పెట్టు, అది ఇంకో వ్యాసం. తీసిన చోట హాలిఫాక్స్ కోర్టును ఇంకాస్త విడమరిచి రాసి పంపు.